తిన్నని గీత

గాయత్రికి నీళ్ళంటే భయం. తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగినా ఏనాడూ కాలవలో కాలు పెట్టి ఎరగదు. అలాంటి మనిషికి లెక్కల టీచరుగా మొదటి పోస్టింగు కొల్లేటి ఒడ్డున గరువుపాడు హైస్కూల్లో వచ్చి పడింది. ఏలూరులో ఓ గది అద్దెకు తీసుకుని రోజూ పొద్దున్నే కైకలూరు బస్సెక్కేది. బస్సు కొల్లేటి నడుమ నుంచి పోతుంటే తక్కినవాళ్ళు కిటికీల్లోంచి పక్షుల్ని చూసేవాళ్ళు. గాయత్రి ఒళ్ళో బ్యాగు రెండు చేతులా పట్టుకుని, ముందు సీటు వెనక ఎవరో గీకిన పేర్లు చదువుకుంటూ కూర్చునేది.

భయం ఒక్క నీళ్ళంటేనే కాదు. చిన్నప్పటినుంచీ కుక్కంటే భయం, ఉరుమంటే భయం, ఇంట్లో ఎవరి గొంతు పెరిగినా భయం. భయం లేని చోటు ఒక్కటే ఉండేది, లెక్కల పుస్తకం. అందులో నిన్న వచ్చిన జవాబే ఇవాళా వస్తుంది. ఎవరు అరిచినా, ఎవరు అలిగినా అది మారదు. ఆ ధైర్యం కోసమే లెక్కలు చదివింది. బీఈడీలో గణిత బోధన లక్ష్యాలేమిటని అడిగితే తర్కం, ఆలోచనాశక్తి, నిత్యజీవితంలో ఉపయోగం అని అందరిలాగే రాసి మంచి మార్కులు తెచ్చుకుంది గాని, ఆమె మనసులో ఉన్న లక్ష్యం వేరు. తనలాంటి పిరికిపిల్ల ఎవరైనా క్లాసులో ఉంటే, ఆ పిల్లకి కదలకుండా ఉండే చోటు ఒకటి చూపించాలి. అంతే.

తీరా వెళ్ళి చూస్తే తొమ్మిదో తరగతిలో అందరూ పిరికిపిల్లలే. అంతకుముందున్న మాష్టారు బెత్తం లేనిదే క్లాసుకి వచ్చేవారు కాదట. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయినా ఆ బెత్తం మాత్రం పిల్లల కళ్ళలోనే ఉండిపోయింది. ఏదైనా అడిగితే చాలు, తలలన్నీ బల్లల మీదికి వాలిపోయేవి. తప్పు చెబితే ఏమవుతుందోనని తెలిసింది కూడా చెప్పేవాళ్ళు కాదు. పిల్లలు తనకు భయపడుతున్నారు, తను పిల్లలకు భయపడుతోంది. ఇక పాఠం ఎవరికి చెప్పినట్టు?

హెడ్మాస్టరు హనుమంతరావుగారు మెత్తని మనిషి. రిటైర్మెంటు దగ్గరపడింది, చక్కెర జబ్బు, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేని తత్వం. ఆమె అవస్థ చూసి ఓ రోజు స్టాఫ్‌రూములో పక్కన కూర్చుని, ఈ పిల్లలకి ఎందుకూ ఏమిటీ అని చెప్పబోతే మీరే అలిసిపోతారమ్మా, సూత్రం రాయించండి, చేసిన లెక్కే మళ్ళీ మళ్ళీ చేయించండి, గట్టెక్కితే అదే పదివేలు అని చెప్పారు. గాయత్రి తలూపింది గాని ఆ మాట ఒంటికి పట్టలేదు.

స్కూలు పిల్లల్లో కొందరు జమ్ములంక నుంచి వచ్చేవారు. కొల్లేట్లో దిబ్బలాంటి ఊరది. అక్కణ్ణుంచి మెయిన్ రోడ్డుకి దారి ఒక్కటే, నీళ్ళ మధ్యగా పోసిన చప్టా. పెద్ద వరదొస్తే ఆ చప్టా మునుగుతుంది, వరద తీశాక మళ్ళీ బయటపడుతుంది. లంక పిల్లల్ని దేవరాజు అనే అతను తన ఆటోలో కిక్కిరిసి ఎక్కించుకుని తెచ్చి దింపేవాడు.

రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల పాఠం వచ్చినప్పుడు గాయత్రికి ఓ ఆలోచన తట్టింది. చప్టా మొదట్లో పాడుబడిన పంపుషెడ్డు ఒకటి ఉంది. సెలవు రోజున దేవరాజు చేత దాని గోడ మీద తెల్లరంగుతో స్కేలు గీయించింది. రోడ్డు మట్టానికి సరిగ్గా ఎర్రగీత ఒకటి పెట్టించింది. లంక పిల్లలు రోజూ వస్తూ నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి రావాలి, క్లాసులో గోడకు అంటించిన పెద్ద గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టాలి. అడ్డంగా రోజులు, నిలువుగా నీళ్ళు.

మొదటి వారం మొక్కుబడిగా చేశారు. తరవాత ముసురు పట్టింది. రోజూ సన్నగా ఒకే తీరున వాన. నీళ్ళు రోజుకి ఓ నాలుగు వేళ్ళ మందాన పెరగడం మొదలెట్టాయి. చుక్కలు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వరసన నిలబడ్డాయి. స్కేలు పెట్టి గీత గీస్తే అన్నీ దాని మీదే పడ్డాయి. అది చూసి క్లాసు క్లాసంతా లేచి నిలబడింది. వాలు అంటే ఏమిటో ఇన్నాళ్ళూ నోటికి రాని పిల్లలు, రోజుకి పెరిగే నీళ్ళే వాలు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పైనుంచి వచ్చిన ఆఫీసరుగారు ఆ గ్రాఫుని ఫోటో తీసుకుని వెళ్ళారు. హనుమంతరావుగారి ఆనందం చెప్పనలవి కాదు. గాయత్రి మటుకు ఆ రోజు బస్సులో మొదటిసారి కిటికీలోంచి బయటికి చూసింది. కొల్లేరు తన కాగితం మీదికి వచ్చి చెప్పినట్టు వింటోంది అనిపించింది.

మర్నాడు క్లాసులో స్కేలును ముందుకు జరిపి గీతను ఇంకా పొడిగించింది. ఈ లెక్కన నీళ్ళు ఎర్రగీతను తాకేది శనివారం సాయంత్రం అని చెప్పింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

కిటికీ పక్క బల్ల నుంచి వీణ చెయ్యెత్తింది. లంక పిల్ల, సన్నగా, నల్లగా, ఎప్పుడూ తడి ఆరని జడలతో ఉండేది. ఆ క్లాసులో తనంతట తాను చెయ్యెత్తిన వాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

"మేడమండీ, ఎందుకు తిన్నగానే వెళ్ళాలండీ?"

గాయత్రికి ప్రశ్న అర్థం కాలేదు. రోజూ ఒకే కొలత పెరుగుతోంది గనక తిన్నగా వెళుతుందని చెప్పింది.

"రోజూ అంతే పెరగమని నీళ్ళకెవరు చెప్పారండీ?"

క్లాసు గొల్లుమంది. ఆ పిల్ల వెటకారం చేసిందనుకుంది గాయత్రి. నిజానికి వెటకారం కాదని ఆమెకీ లోపల తెలుసు. ఆ ప్రశ్నకి తన దగ్గర జవాబు లేదు, అదీ సంగతి. తన కదలని చోటును ఎవరో పునాదితో సహా పట్టుకుని కదిపినట్టయింది. "ఈ పాఠంలో తిన్నగానే వెళుతుంది. కూర్చో" అంది. మిగతా పిల్లలు మళ్ళీ నవ్వారు. వీణ కూర్చుంది.

గురువారం పొద్దున వాన జోరందుకుంది. ఏలూరు నుంచి వచ్చేటప్పుడు బస్సు దీపాలు వేసుకుని నడిచింది. అయినా లంక పిల్లలు వచ్చారు, ఎందుకంటే ఆ మధ్యాహ్నం పరీక్ష ఉంది. వీణ వచ్చి పెట్టిన చుక్క గీత కంటే కాస్త పైన పడింది. గాయత్రి చూసింది. చదివేటప్పుడు పొరబడి ఉంటారనుకుంది, లేదా అలలకి గోడ తడిసి ఉంటుందనుకుంది. గీతనే నమ్మడానికి కారణాలు చాలానే దొరికాయి.

భోజనాల వేళకి హనుమంతరావుగారు వరండాలో నిలబడి ఆకాశం చూస్తున్నారు. ఆయనకి మనసులో పీకుతోంది. లంక పిల్లల్ని ముందే పంపించేద్దామా అని గాయత్రిని పిలిచి అడిగారు. పంపితే పరీక్ష పోతుంది, పైవాళ్ళు ఎందుకు పంపావని అడుగుతారు. పంపకపోతే ఏమో.

"మీ గ్రాఫు ఏమంటోందమ్మా?"

"శనివారం దాకా పరవాలేదండి."

ఆమె గొంతులో అనుమానం లేదు. పెద్దాయన హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని గంట కొట్టించారు. పిల్లలు పరీక్షకి కూర్చున్నారు.

స్కూలు వదిలే వేళకి వాన వెలిసింది. దేవరాజు ఆటో వచ్చింది. ఎక్కేముందు వీణ ఓసారి గాయత్రి వైపు చూసి ఏదో అనబోయి, మానేసి, ఆరో తరగతి మానస చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఆటో వెళ్ళిపోయింది.

గాయత్రి బస్సు కోసం గేటు దగ్గర నిలబడింది. స్కూలు ముందు మురుగుకాలవ ఒకటుంది. ఎప్పుడూ గుర్రపుడెక్క కప్పుకుని నిద్రపోతున్నట్టుండేది. ఆ సాయంత్రం దాంట్లో గుర్రపుడెక్క లేదు. నీళ్ళు ఎర్రగా, గట్టు ఒరుసుకుంటూ పరుగెడుతున్నాయి. ఆమె చూస్తుండగానే ఓ చెప్పు, ఓ అరటిబోదె, కొట్టుకుపోతూ చేపలచెరువు వల ఒకటి కనబడ్డాయి. కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు ఎగువన చెరువుగట్లు తెగాయట, బుడమేరు పొంగిందట అని చెప్పుకుంటున్నారు. పొద్దున గీతకి పైన పడిన చుక్క ఆమె కళ్ళముందు నిలిచింది.

దేవరాజుకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఈసారి మోగనే లేదు. లోపలికి పరుగెత్తి హనుమంతరావుగారి ముందు నిలబడింది. "ఆటో అండీ, చప్టా అండీ" అని మాత్రం అనగలిగింది. ఆయనకి అర్థమైంది. కుర్చీలోంచి లేచిన మనిషి గొడుగు కూడా తీసుకోలేదు. గాయత్రి ఆయన స్కూటరు వెనక కూర్చుంది. రోడ్డు పక్క పొలాల్లో నీళ్ళు తమతో పాటే పరుగెడుతున్నట్టున్నాయి. దేవుడా, ఆటో చప్టా ఎక్కకుండా ఆగి ఉండాలి, ఆగి ఉండాలి అనుకుంటూ వచ్చింది.

ఆగలేదు.

చప్టా మొదట్లో స్కూటరు దిగి చూస్తే రోడ్డు లేదు. రెండువైపులా పాతిన తెల్లరాళ్ళ తలలు మాత్రం వరసగా కనబడుతున్నాయి. వాటి మధ్యగా కొల్లేరు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పారుతోంది. పంపుషెడ్డు గోడ మీద ఎర్రగీత ఎప్పుడో మునిగింది. నడిమధ్య, చప్టా కాస్త ఎత్తుగా ఉన్నచోట, ఆటో పక్కకి ఒరిగి ఆగిపోయి ఉంది. పిల్లలు దాన్ని పట్టుకుని గుంపుగా నిలబడ్డారు. కొందరికి మోకాళ్ళ దాకా, చిన్నవాళ్ళకి నడుం దాకా నీళ్ళు.

గాయత్రికి పైప్రాణాలు పైనే పోయాయి. హనుమంతరావుగారు ఫోన్ పట్టుకుని పోలీసులకీ తాసిల్దారు ఆఫీసుకీ చేస్తున్నారు, లైను కలవడం లేదు. అప్పుడామె చెప్పులు విప్పి నీళ్ళలోకి దిగింది. ఎందుకు దిగిందో ఆమెకే తెలియదు. జీవితంలో కాలవలో కాలు పెట్టని మనిషి తెల్లరాయి నుంచి తెల్లరాయికి చేతులు మార్చుకుంటూ నడిచింది. కాలికింద నీళ్ళు పాదాన్ని పట్టి లాగుతున్నాయి. ప్రతి అడుగుకీ ఇదే ఆఖరు అనుకుంది. ప్రతి అడుగుకీ వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది.

అవతలి నుంచి సన్నని గొంతు వినబడింది.

"మేడమండీ, రాకండి. అక్కడ పల్లం. ఇందాక మేం వచ్చినప్పుడే లోతుగా ఉందండి. ఆగిపోండి."

వీణ. గాయత్రి అక్కడే ఆగిపోయింది. ముందు పల్లంలో నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. వెళ్ళలేదు, వెనక్కి రాలేదు. రాయిని కావలించుకుని నిలబడింది. పిల్లలు కనబడుతున్నారు, చెయ్యి చాస్తే అందేలా లేరు. ఆటో డ్రైవరు దేవరాజు వాళ్ళకి నీటివాలు వైపు అడ్డంగా నిలబడి ఉన్నాడు. లంకకి కబురు చేశానండి, దోనెలు వస్తున్నాయండి అని అరిచి చెప్పాడు. ఆ తరవాత అతని ఫోన్ నీళ్ళలో పడిపోయిందట.

చేయగలిగింది ఏమీ లేదు. భయంతో నిలబడి చూడటం తప్ప ఏమీ లేదు. ఒక చిన్నపిల్ల ఏడుపు ఎత్తుకుంది, దాంతో మిగతావాళ్ళూ మొదలెట్టారు. గుంపు కదిలింది. కదిలితే పట్టు తప్పుతుంది. గాయత్రికి టీచరుగా వచ్చిన పని ఒక్కటే గుర్తొచ్చింది. గొంతు పెద్దది చేసుకుని హాజరు పిలవడం మొదలెట్టింది. "సుబ్బరాజూ." కాసేపు ఏమీ లేదు. తరవాత "ఉన్నానండి" అని వచ్చింది. ఒక్కొక్క పేరే పిలిచింది. పిలిచినవాళ్ళు పలికారు. పలికేటప్పుడు ఏడుపు ఆపక తప్పదు కదా. ఎవరి పేరు ఎప్పుడొస్తుందోనని అందరూ ఇటే చెవిపెట్టారు.

"మానసా" అని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. లేదు. మూడోసారి పిలవడానికి ఆమెకి నోరు రాలేదు. ఆటో అవతలి పక్క నీళ్ళు ఎంత వేగంగా పోతున్నాయో ఆమెకి కనబడుతోంది. ఆ పిల్ల గౌను రంగేమిటో గుర్తు తెచ్చుకోబోయింది, ఎంతకీ గుర్తు రాలేదు.

"ఇక్కడే ఉందండి. నా భుజాల మీద ఉంది. భయంతో నోరు రావటం లేదండి దీనికి" అన్నాడు దేవరాజు. అప్పుడు చూసింది. అతని తలకి అతుక్కుపోయి, పెదవులు బిగించి, ఆ పిల్ల తననే చూస్తోంది. ఆరో తరగతిలో పాఠం చెప్పేటప్పుడూ అలాగే చూసేది.

దోనెలు వచ్చాయి. లంక మగవాళ్ళు గెడలు వేసుకుంటూ వరదకి ఏటవాలుగా వచ్చి, ఒక్కొక్కరినే ఎత్తి ఎక్కించుకున్నారు. అందరూ ఎక్కేదాకా గాయత్రి పేర్లు పిలుస్తూనే ఉంది. ఆఖరి దోనె కదిలాక ఆటో మెల్లగా పక్కకి వాలి, చక్రం పైకి తేల్చి, జారిపోయింది. పిల్లల బ్యాగులన్నీ దాంట్లోనే ఉన్నాయి. గాయత్రిని వెనక్కి తెచ్చింది కూడా లంక మనిషే. ఆమె చేతులు రాయిని వదలకపోతే వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

వారం రోజులు స్కూలు మూశారు. గాయత్రి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది. తల్లి రత్నమాణిక్యం కూతురి మొహం చూసి ముందు అన్నం వడ్డించింది. కళ్ళు మూస్తే చాలు పేరు పిలిచినట్టు, జవాబు రానట్టు ఉండేది. సస్పెండు చేస్తారేమోనన్న భయం ఒకవైపు, అంతకంటే ఆ పిల్లల తల్లుల మొహాలు ఎలా చూడటమన్న భయం ఇంకోవైపు. సెలవు పొడిగించమని, వీలైతే ఊరికి దగ్గరగా బదిలీ అడగమని తల్లి చెప్పింది. అదే మంచిదనుకుని గాయత్రి అర్జీ రాయబోయింది. కారణం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది.

హనుమంతరావుగారు ఫోన్ చేశారు. నీళ్ళు ఉన్నట్టుండి వచ్చిపడ్డాయని రిపోర్టు రాశానమ్మా, ఎవరడిగినా అదే చెబుదాం, గ్రాఫు సంగతి ఎత్తవద్దు, అది అబద్ధం కూడా కాదు కదా అన్నారు.

"అబద్ధం కాదండి. నిజమూ కాదండి" అంది గాయత్రి.

అడిగింది నేనమ్మా, నమ్మింది కూడా నేనే, మీ ఒక్కరి మీదే పోదు అని ఆయన ఫోన్ పెట్టేశారు.

స్కూలు తెరిచిన రోజు ఆమె వచ్చింది. గేటు దగ్గర ఒకావిడ ఎదురుచూస్తోంది. వీణ తల్లి కనకరత్నం, చేపలచెరువుల్లో మేత వేసే పనికి వెళుతుంది.

"మా వీణ ముందే అడిగిందంట కదండీ. మీరు కూర్చోమన్నారంట."

"అవునండి" అంది గాయత్రి.

కనకరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేలకేసి చూసింది. తిట్టడానికే వచ్చినట్టుంది గాని, ఎదుటి మనిషి ఒప్పేసుకునేసరికి తిట్టు దొరకలేదు.

"ఇంట్లో నేనూ దాన్ని అదే అంటానండి. ఊరికే ఎందుకూ ఏమిటీ అని ప్రాణాలు తీస్తుంది. ఇక నేననను. మీరూ అనకండి" అంది. అని వెళ్ళిపోయింది.

తొమ్మిదో తరగతి గోడ మీద గ్రాఫు అలాగే ఉంది. గీత శనివారం దాకా తిన్నగా సాగి ఉంది. పిల్లలు ఆమె మొహం చూస్తూ నిలబడ్డారు. తిరిగి బల్లల మీదికి తలలు వాలిపోతాయేమోనని ఆమెకి భయం వేసింది. గాయత్రి సుద్దముక్క తీసుకుంది, బల్ల మీద పెట్టేసింది. గురువారం హెడ్మాస్టరుగారు అడిగితే పరవాలేదని చెప్పింది తనేనని, పొద్దున చుక్క పైకి పోయినా చూసీ చూడనట్టు ఊరుకున్నానని, వీణ అడిగిన దానికి తన దగ్గర జవాబు లేకనే కూర్చోమన్నానని చెప్పింది. లెక్కల టీచరు తప్పు చేశానని చెప్పడం ఆ పిల్లలు ఎన్నడూ వినలేదు. ఎవరూ నవ్వలేదు.

"గీత తిన్నగా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో నాకు పూర్తిగా తెలీదు. మీకేమనిపిస్తుందో చెప్పండి. తప్పయినా సరే" అంది.

జవాబు తెలియని ప్రశ్న అడిగి పిల్లల ముందు నిలబడటం నీళ్ళలో నిలబడ్డట్టే ఉంది ఆమెకి. కాలి కింద నేల ఉందో లేదో తెలియదు. పారిపోకుండా నిలబడింది. వెనక బల్ల నుంచి సుబ్బరాజు, ఎగువన చెరువుగట్లు తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారే వస్తాయి కదండీ అన్నాడు. ఉప్పుటేటి మీద పోటు ఉంటే నీళ్ళు సముద్రంలోకి పోవని ఇంకో పిల్ల అంది. మన దగ్గర వాన లేకపోయినా పైన కురిసింది తరవాతి రోజుకి వస్తుందని మరొకడు. కాదు, అదే రోజు వస్తుందని పక్కవాడు. ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. అంతకుముందు ఆ క్లాసులో దెబ్బలాట ఎవరూ ఎరగరు. చివరికి వీణ, గీత ఎటు పోతుందో మనం చెప్పలేమండి, కానీ వంగడం మొదలెడితే చూడగలం కదండీ అంది.

దాని మీదే ఆ నెలంతా పాఠం నడిచింది. చుక్క గీతకి ఎంత పైన పడితే నిజంగా వంగినట్టు, ఎంత పడితే కొలవడంలో పొరపాటు అని కొట్లాడుకున్నారు. పొద్దున ఒక్కసారి కాక భోజనాల వేళ కూడా చూసి రావడానికి దేవరాజు ఒప్పుకున్నాడు. కొత్త ఆటో ఇంకా రాలేదు, సైకిలు మీద వెళ్ళేవాడు. సిలబస్సు వెనకబడింది. పక్క సెక్షను వాళ్ళు రెండు పాఠాలు ముందున్నారు. హనుమంతరావుగారు ఓ రోజు వెనక బల్ల మీద కూర్చుని అంతా విన్నారు. వెళ్ళేటప్పుడు, గీత వంగిన రోజున ఎవరినీ అడగక్కర్లేదమ్మా, లంక పిల్లల్ని పంపించేద్దాం అని మాత్రం అన్నారు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. రెండు రోజులు తిన్నగా పోయిన చుక్కలు మూడోనాడు పైకి ఎగిరాయి. గాయత్రి కాగితం ముందు నిలబడింది. ఎర్రగీతకి ఇంకా చాలా దూరం ఉంది. ఆకాశం అంత నల్లగా కూడా లేదు. పంపించి నీళ్ళు రాకపోతే నవ్వులపాలు. పిల్లలు అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె వీణ వైపు చూసింది. ఆ పిల్లకీ భయంగానే ఉంది, మొహంలో తెలుస్తోంది. గాయత్రి వెళ్ళి హెడ్మాస్టరుగారికి చెప్పింది. లంక పిల్లల్ని పదకొండు కొట్టకముందే పంపేశారు.

ఆ రోజు నీళ్ళు చప్టా ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. వాయుగుండం ఎటో పోయింది. అనుమతి లేకుండా పిల్లల్ని ఎందుకు ఇంటికి పంపారో సంజాయిషీ ఇవ్వమని ఆఫీసు నుంచి హనుమంతరావుగారికి మెమో వచ్చింది. స్టాఫ్‌రూములో ఒకరిద్దరు గాయత్రి వినేలా నవ్వుకున్నారు.

పెద్దాయన మెమోని కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. మళ్ళీ అలాగే వంగితే ఏం చేద్దామమ్మా అని అడిగారు.

"పంపించేద్దామండి" అంది గాయత్రి. భయంగానే అంది.

"సరే, పంపించేద్దాం" అని ఆయన సంజాయిషీ రాసుకోవడానికి కాగితం ముందుకి లాక్కున్నారు. బయట గంట కొట్టారు. గాయత్రి పుస్తకం తీసుకుని తొమ్మిదో తరగతికి వెళ్ళింది. నీళ్ళు ఎందుకు రాలేదన్న దాని మీద అప్పటికే లోపల రెండు జట్లుగా గొడవ పడుతున్నారు.